ఊలు కుచ్చులో మిగిలిన నీలికళ్ళు

పోయిన శుక్రవారం మా డ్రైవర్ చాచా నిజామాబాద్‌లో తన ఇంట్లో కన్నుమూశాడు. పొద్దున నమాజు చదివి, చాయ్ తాగి, కుర్చీలోనే ఒరిగిపోయాడట. వాళ్ళ బిడ్డ ఫోన్‌లో చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆ వెంటనే, సిగ్గు విడిచి చెబుతున్నాను, గుండె తేలికపడింది. ఆయనకు చెప్పాల్సింది వారం ముందే చెప్పేశాను.

ఇక్కడ గల్ఫ్‌లో, అస్కర్ లేబర్ క్యాంపులో ఆయనా నేనూ ఆరేళ్ళు ఒకే రూములో ఉన్నాం. ఆయన ఒక ఆస్ట్రేలియా ఇంజనీరు కారు నడిపేవాడు. ఆ సారు తన దేశానికి వెళ్ళిపోతూ చేపల తొట్టి చాచాకు ఇచ్చాడు. అక్కడి వాగుల్లో పెరిగే చేపలట. వేలి కణుపంత ఉంటాయి, కళ్ళ చుట్టూ నీలి రంగు. నీలికళ్ళు అనే పిలిచేవాళ్ళం. నేను రూముకు వచ్చేసరికే ఆ తొట్టి ఉంది. నలుగురం పడుకునే రూములో ఈ తొట్టి ఒకటేమిటని మొదట్లో గొణిగాను.

"కూరకు గూడ పనికిరావు, ఇవెందుకు చాచా?"

"నువ్వు గూడ కూరకు పనికిరావు. నిన్ను ఉంచుకుంటలేమా బేటా?"

థర్మోకోల్ ముక్కకు ఊలు కుచ్చు కట్టి నీళ్ళలో వేలాడదీసేవాడు. చేపలు దానికి గుడ్లు అంటించేవి. పెద్దవి తినేయకముందే కుచ్చు తీసి వేరే డబ్బాలో పెట్టాలి. ఇక నీళ్ళ సంగతి. ఇక్కడ ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్ళు పొగలు కక్కుతాయి. ఆయన బకెట్ పట్టి, క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేసి, ఒక రోజు ఏసీ కింద ఉంచేవాడు. పసిపిల్లకు స్నానం చేయించేముందు చూసినట్టు మోచెయ్యి ముంచి చూసేవాడు.

గుండె జబ్బుతో ఊరికి వెళ్ళిపోతూ, "నా డ్యూటీ ఖలాస్. ఇగ ఇవి నీవే" అన్నాడు.

రెండు నెలలు బాగానే చూశాను. ఒకరోజు తొట్టిలో నీళ్ళు తగ్గాయి, బయట ఓవర్‌టైం బస్సు హారన్ కొడుతోంది. నల్లా తిప్పి రెండు బకెట్లు గుమ్మరించి పరుగెత్తాను. సాయంత్రం వచ్చేసరికి అన్నీ తేలి ఉన్నాయి.

ప్రతి శుక్రవారం చాచా ఫోన్ చేసేవాడు. నా బాగు కన్నా ముందు వాటి బాగు అడిగేవాడు. "మంచిగున్నయ్ చాచా" అనేవాణ్ణి. వీడియోలో చూపించమంటే నెట్ లేదనేవాణ్ణి. అన్నం సహించేది కాదు.

పది రోజులకు, అంతకుముందే కుచ్చు తీసి పెట్టిన డబ్బా గుర్తొచ్చింది. పారబోయబోతే నీళ్ళలో రెండేసి నల్ల చుక్కలు కదిలాయి. కళ్ళు! వాటిని చూపించి ఎలాగో నెట్టుకురావచ్చు అనిపించింది. కానీ ఆయన గొంతు వారం వారం సన్నబడుతోంది. చివరి ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నాకెర్కనే" అన్నాడు. "చేపలున్నోడు రోజుకో మొత్తుకోలు చెప్తడు. నువ్వు ఎప్పుడడిగినా మంచిగున్నయ్ అన్నవ్."

తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. "సారు ఇచ్చినయి నేను గూడ గట్లనే సంపిన బేటా. మొదటి ఎండాకాలం, గీ నల్లా నీళ్ళతోనే. నువ్వు జూసినయన్నీ కుచ్చులకెల్లి ఒచ్చినయే. సారుకు ఇప్పటిదాంక చెప్పలే. నీకున్న ధైర్యం నాకు లేకపాయె."

అదే ఆఖరి మాట. ఆ మాట నేను వినకముందే ఆయన పోయి ఉంటే నేనేమయ్యేవాణ్ణో తెలియదు.

ఈ పొద్దున ఏసీ కింద బకెట్ ముందు కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి మోచెయ్యి ముంచాను. చల్లగానే ఉన్నాయి. డబ్బాలో పదకొండు పిల్లలు. ఒంటికి ఇంకా రంగు రాలేదు. కళ్ళు మాత్రం నీలమయ్యాయి.