తాంబూలం తిన్నాక మిగిలిన పేరు

మేముండే మరాఠీ ఊళ్లో, మున్సిపల్ ఎన్నికలకు మా వార్డు నుంచి తెలుగువాళ్లు ఇద్దరు నామినేషన్ వేశారు. ఒకరు మా అక్క, ఇంకొకరు రైల్వేలో రిటైరైన పెద్దాయన. గల్లీల వారీగా ఓట్లు నేనే లెక్కవేశాను. ఇద్దరూ నిలబడితే ఇద్దరూ ఓడతారు. బావకు ఇష్టం లేకపోయినా అక్క తప్పుకుంటానంది. మాహూర్ అమ్మవారి దగ్గరి దంచిన తాంబూలం తెప్పించి, అభ్యర్థులిద్దరూ పెద్దల ముందు తిన్నారు. అది తిన్నాక ఎవరూ మాట తప్పరు.

పోటీ నుంచి ఇలా తప్పుకోవడాన్ని ఇంట్లో మేం ‘కూచునుడు’ అనేవాళ్లం. మరాఠీ పేపర్లు ‘మాఘార్’ అంటాయి, తెలుగు పేపర్లు ‘ఉపసంహరణ’ అంటాయి. ఎలా అన్నా తాంబూలంతో ఆ పని అయిపోయిందనే అనుకున్నారందరూ.

గడువు చివరి రోజు మధ్యాహ్నం నేను వాళ్లింటికి వెళ్లేసరికి అక్క గోధుమలు చెరుగుతోంది.

“సంతకం పెట్టొచ్చినవా అక్కా?”

“ఏం సంతకం? తాంబూలం తిన్న గద తమ్మీ!”

“నీ సంతకంతోని కాగితం ఆఫీసుల ఇయ్యాలె. మూడు దాటితే తీసుకోరు.”

చేట అక్కడే వదిలేసి లేచింది. గోదావరి వంతెన మీద చెరుకు ట్రాక్టర్లు అడ్డం. ఆటో దిగి పరుగెత్తాం. ఆఫీసు గేటు దగ్గర పోలీసు చేయి అడ్డం పెట్టాడు. “వేళ్ సంపలీ, తాయీ.” వేళ అయిపోయిందట. అతని వెనక గోడ గడియారంలో మూడు దాటింది.

ఇంటికి చేరకముందే పెద్దాయన ఫోన్. “ఏం చెల్లె, అమ్మవారి తాంబూలం తిని గిదేనా నువ్ చేసేది?”

“ఓటు మిషన్ల నా పేరుంటదన్నా. నా మాట గుడ ఉంటది,” అంది అక్క.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగింది. “నాది కుట్టుమిషన్ గుర్తు. గది నొక్కకుండ్రి, అన్నకెయ్యుండ్రి.”

“ఓటెయ్యొద్దని అడిగెటోళ్లను ఇప్పుడే చూస్తున్నం వదినా!” అని ఆడవాళ్లు నవ్వేవారు. ఆ నవ్వే నన్ను భయపెట్టింది. జాలిపడి అక్కకే వేసేవాళ్లెందరో ఏ లెక్కకూ అందలేదు.

ఓట్ల లెక్కింపు రోజు, తన పేరు చదివినప్పుడల్లా అక్క నా మణికట్టు నొక్కిపట్టింది. పెద్దాయన వెనకబడుతూ వచ్చి, చివరి రౌండులో కొద్ది తేడాతో గట్టెక్కాడు. అక్క చేయి వదిలింది.

“నాకేసినోళ్లెవ్వలో సూపియ్యి తమ్మీ, చీపురు తిరగేస్త.”

బావ చాయ్ తెస్తానని లేచి వెళ్లిపోయాడు.