రంగు కాదు, మూతి చూడు

2023 వానకారు. ఆదోని, ఆస్పరి మధ్య పల్లెల్లో ఎవరు పిలిస్తే వాళ్ల చేలో పవర్ స్ప్రేయర్‌తో మందు కొట్టడం నా పని. ఆరో తరగతిలోనే బడికీ నాకూ చెడింది. అప్పటినుంచి వీపు మీద పుస్తకాల సంచికి బదులు మందు డబ్బా.

ఆరోజు నన్ను పిలిచిన రైతు మాదమ్మక్క. ఆమె మొదట విత్తిన పత్తి వాన లేక ఎండిపోయింది. మళ్లీ విత్తినది కాయ పట్టే వేళకు లద్దె పురుగు దిగింది. ఇదీ పోతే ఆ ఏడు ఆమెకు పంటే లేదు. నేను రాగానే చేలోకి కాదు, గట్టుకు లాక్కుపోయింది. అక్కడ కలుపుగా పెరిగిన తుత్తురుబెండ చెట్ల మీద ఎర్రటి పిల్ల పురుగులు గుంపులు గుంపులుగా ఉన్నాయి.

"సూడప్పా, ఎర్రనల్లులు! దూదికి మరకలు పెట్టేటివి. ముందు వీటికి కొట్టు."

మా వైపు ఇదొక జబ్బు. ఎర్రగా ఉండి ఆరు కాళ్లతో పాకితే చాలు, అది ఎర్రనల్లే. నేనూ పంపు ఇంజను స్టార్ట్ చేసే తాడు వేలికి చుట్టుకున్నాను. అంతలో ఎమ్మిగనూరులో పంట పురుగుల మీద ఇచ్చిన శిక్షణ గుర్తొచ్చింది. నేను వెళ్లింది భోజనానికే గాని, అక్కడి మేడమ్ మాట ఒకటి అన్నంతోపాటు లోపలికి దిగింది: "రంగు కాదు, మూతి చూడండి. సన్నగా ఉంటే చెట్టు రసం తాగేది. లావుగా ఉంటే ప్రెడేటర్, అంటే పురుగుల్ని వేటాడేది."

"ఉండక్కా, మూతి సూడల్ల."

"పెండ్లిసూపులా యేమప్పా? బెరీన కొట్టు!"

ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూశాను. ఎర్రనల్లి పిల్ల కోలగా, తెల్ల చారలతో ఉంటుంది. ఇవి గుండ్రంగా, నల్ల తలలతో చొక్కా గుండీల్లా ఉన్నాయి. మూతి లావే. అయినా నమ్మకం కుదరక, పత్తి ఆకు మీది లద్దె పురుగునొకదాన్ని తెచ్చి వాటి మధ్య వదిలాను.

ఒక పిల్ల మెల్లగా వచ్చింది. కడుపు కింద దాచిన మూతిని ముందుకు చాపి, తనకంటే ఎంతో పెద్ద పురుగులో దించింది. పురుగు గిలగిలా కొట్టుకుంది. పిల్ల వదల్లేదు. ఇంకో రెండు వచ్చి చెరో పక్క గుచ్చాయి. కాసేపటికి పురుగు ఖాళీ సంచిలా వేలాడింది.

మాదమ్మక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "యమ్మా! రసం తాగే పిల్లోళ్లనుకుంటి. పీక కోసేటోళ్లు గదప్పా!"

"వీళ్లనే గదక్కా నన్ను సంపమంటివి?"

ఆమె ఆ పిల్లలున్న కొమ్మలన్నీ విరిచి, ఒడిలో పెట్టుకుని, కొత్త కోడళ్లను తెచ్చుకున్నట్టు పత్తిలోకి నడిచింది. ఆరోజు నా పంపు మోగలేదు.

పురుగు మొత్తం పోలేదు. కొన్ని కాయలు పోయాయి. పత్తి మాత్రం నిలిచి, ఆదోని మార్కెట్ యార్డుకు చేరింది. కానీ ఆ తాడును ఇప్పటికీ మరచిపోలేను. ఒక్క లాగుడు చాలు, నల్లి అనే ఒక్క మాటకు ఆమె చేను కాపలావాళ్లంతా పోయేవాళ్లు.

ఇప్పుడు ఎవరు ఎర్రనల్లి అన్నా ముందు మూతి చూపించమంటాను. మొన్న ఒకాయన కోపమొచ్చి తన మూతే చూపించాడు. చూశాను. సన్నగా ఉంది, రసం తాగే రకమే.