శనక్కాయ మోగిన ఉదయం

ఏప్రిల్ పదకొండు. బాపట్ల దగ్గర అక్కావాళ్ళ ఇసుక చేను. ఉన్నవాళ్ళు: అక్క, బావ, మేనల్లుడు, నేను. మబ్బు.

రెండేళ్ళ కిందటి నా డైరీలో ఒక పేజీ ఇలా మొదలవుతుంది. నిన్న తెనాలిలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక దాన్ని వెతికి తీశాను. అక్కడ ఒక అమ్మాయి నాకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది. కాసేపు బుద్ధిగానే నొక్కాను. తర్వాత ఏమీ వినపడక, ఆ అమ్మాయి ముఖం చూసి నొక్కడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి, కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ణి. ఇంటికి వచ్చేదాకా బావే గుర్తొచ్చాడు.

ఆ వేసవిలో విత్తనపు శనక్కాయల్ని ఎలా ఆరబెడితే మంచిదో తేల్చేద్దామని నా అంతట నేనే వాళ్ళ ఊరు వెళ్ళాను. రిటైరైనవాడికి ఇలాంటి పనులు తోస్తుంటాయి. పీకిన మొక్కల్ని మూడు వంతులు చేశాం. ఒక వంతును చేలోనే కాయలు పైకి వచ్చేలా తిరగేసి వరసలుగా పరిచాం. రెండోది బావ పద్ధతి: మూడు వెదురు కర్రలు గూడులా కట్టి, కాయలు లోపలికి, ఆకు బయటికి ఉండేలా చుట్టూ పేర్చడం. గాలి ఆడుతుంది, ఎండ నేరుగా తగలదు. మూడోది మేనల్లుడిది. రేపల్లెలో ఉద్యోగం, అన్నిటికీ తొందర. కాయలు కోయించి కళ్ళంలో బరకం పట్టా మీద పలచగా పోశాడు. చేలో పరిచినవాటికి కాకుల బెడద, పట్టా మీదివాటికి గంటకోసారి కలియబెట్టే పని, బావ గూళ్ళకు కావలసింది ఓపిక. నేను మూడింటి నుంచీ తలొక చిన్న సంచి కాయలు పక్కన పెట్టి, పొద్దునా సాయంత్రం తూచి రాసుకునేవాణ్ణి. ఉండబట్టక మధ్యాహ్నం కూడా తూచేవాణ్ణి.

కానీ ఎండాయని తేల్చేది నా త్రాసు కాదు. బావ రోజూ పొద్దున్నే ఒక కాయ తీసి, కుడి చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. ఆయన "మోగింది" అంటేనే కాయలు గోతాల్లోకి ఎక్కేవి. ఊళ్ళో సగం మంది ఆయన విత్తనమే వేసేవాళ్ళు. ఆయన చెవి మీద అంత నమ్మకం.

ఏప్రిల్ పదకొండుకి నా సంచుల బరువు తగ్గడం ఆగిపోయి రెండు రోజులైంది. సముద్రం వైపు మబ్బు కమ్ముతోంది. తడిస్తే బూజు పడుతుంది. మరీ ఎండితే గింజ బద్దలై మొలవదు. బావ మాత్రం కాయ ఆడించి, "ఇంకా పచ్చే. మోగట్లా," అన్నాడు.

మేనల్లుడు ఎగిరిపడ్డాడు. "నాన్నా, గింజ నలిపితే పొట్టు ఊడొస్తంది చూడు. ఇంకా ఎండబెడితే నూనెకే పనికొస్తయ్. రేపు నేను డ్యూటీకి పోవాలి."

"పోరా. నువ్వు పుట్టకముందు కూడా శనక్కాయలు ఎండినయ్."

"బావా, బరువు కూడా..." అంటూ నేను డైరీ తెరిచాను.

"మాస్టారూ, కాయకి నీ డైరీ చదవటం రాదు," అని, మాకు చూపించడానికి ఇంకో కాయ ఆడించాడు. రెండు బారల దూరంలో ఉన్న నాకు గలగల స్పష్టంగా వినపడింది. "చూశారా? ఏమన్నా మోగిందా?" అన్నాడాయన.

నేను నోరు తెరిచాను. "తమ్ముడూ, ఈ బిందె కాస్త పట్టు," అని అక్క నన్ను బోరింగు దగ్గరికి లాక్కుపోయింది.

"ఆయనకి చెవి తగ్గి యాడాదైంది," అంది మెల్లగా. "నాక్కూడా చెప్పలా. నేనూ అడగలా. నలుగుర్లో నువ్వా మాటంటే ఇక కళ్ళంలో అడుగుపెట్టడు."

"మరి విత్తనం?"

"రేప్పొద్దుటిదాకా ఆ పుస్తకం మూసి ఊరుకో."

ఊరుకోవడం నాకు చేతకాదు. ఆ మధ్యాహ్నమంతా చేలోకి, గూళ్ళ దగ్గరికి, పట్టా దగ్గరికి తిరుగుతూనే ఉన్నాను. గాలి లేస్తే పైన ఇంకో పట్టా కప్పడం, ఎండ కాస్తే తీయడం. మేనల్లుడు ఫోనులో వాన ఎప్పుడో చూస్తాడు. పావుగంటకో మాట చెబుతుందది. ఒకసారి గూడు వెనక్కి వెళ్ళబోయి ఆగిపోయాను. బావ ఒక్కడే నిలబడి కాయను కుడి చెవి దగ్గర ఆడించాడు, తర్వాత ఎడమ చెవి దగ్గర, మళ్ళీ కుడి చెవి దగ్గర. నేను వచ్చిన దారినే వెనక్కి తిరిగాను.

మర్నాడు పొద్దున్నే అక్క కాఫీ గ్లాసులతో కళ్ళంలోకి వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ కాయల ఎండు చూడగా నేనెరగను. గూట్లోంచి ఒక కాయ తుంచి, బావకు ఎదురుగా నిలబడి, చెవి దగ్గర ఆడించి, చిన్నగా తల ఊపింది. బావ ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తనూ ఒక కాయ తీసి ఆడించాడు. కళ్ళు మాత్రం అక్క మీదే ఉన్నాయి.

"మోగింది. గోతాలు తీయండ్రా," అన్నాడు.

మేం ఆఖరి గోతం కట్టాక, ఆ మబ్బు ఒక్క చినుకైనా రాల్చకుండా తేలిపోయింది. మూడు పద్ధతుల్లో ఏది మేలో రాయవలసిన చోట, ఆ రోజు నా డైరీలో "అక్క తల ఊపింది" అని మాత్రమే ఉంది. కాయలు ఏ రోజుకు ఎంత ఆరాయో పూటపూటకీ రాసుకున్నాను గానీ, నా చెవి నన్ను విడిచి వెళ్ళడం మొదలైన రోజు మాత్రం ఏ డైరీలోనూ దొరకలేదు.