పదడుగుల తర్వాత

జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో ఒక అమ్మాయి రైలెక్కి నా పక్కన నిలబడింది. మోకాళ్లదాకా బూట్లు, చంకలో హెల్మెట్. ఆమెతోపాటు ఒక వాసన కూడా ఎక్కింది: తడిసిన తోలు, ఎండుగడ్డి, గుర్రపు చెమట. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కు చిట్లించారు. నేను మాత్రం గుండెనిండా పీల్చుకున్నాను. ఒకప్పుడు మా స్వారీ క్లబ్బులో గుర్రాలు చూసుకున్న సింహాచలం అంకుల్ తెల్లచొక్కా వేసుకుని పండక్కి వచ్చినా సరే, ఆయన కంటే ముందు ఈ వాసనే వచ్చేది.

ఆయన్ని కలిసేనాటికి నేను ఇక్కడికి కొత్త. కంప్యూటర్లు రెండువేల సంవత్సరం దాటగలవో లేదోనని లోకమంతా కంగారుపడిన రోజులవి. ఆ కంగారే నాకు ఈ పరాయి దేశంలో, తంజోంగ్ పగార్‌లో ఉద్యోగమిచ్చింది. వారమంతా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే పని. ఒక ఆదివారం పార్కులో నడుస్తుంటే గుర్రాలు ఎదురయ్యాయి. మా ఊళ్లో గుర్రమెక్కేది పెళ్లికొడుకులే. చిన్నప్పుడు నేనూ ఎక్కుతానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదనుకుంటాను, ఆ వారమే పార్కు పక్కనున్న స్వారీ క్లబ్బులో చేరిపోయాను. ఏడాది చివర్లో సభ్యులు గుర్రాలతో సహా పార్కులోనే గుడారాలు వేసుకుని రెండురోజులు గడుపుతారట. వెళ్లి తీరాలనుకున్నాను.

అక్కడి గుర్రాల బాగోగులన్నీ సింహాచలం అంకుల్ చేతిలో ఉండేవి. వాళ్ల తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి దొరల లాయంలో చేరాడట. అంకుల్ ఆంధ్రా మొహమే చూడలేదు, తాతగారి యాస మాత్రం పోలేదు. స్వారీ అయ్యాక నేను టిఫిన్ డబ్బా విప్పబోతే, "ముందు దానికి మకాన్, తర్వాతే మనకి" అని గడ్డిమోపు చేతిలో పెట్టేవారు. ఇక్కడి మలయ్ మాటలో మకాన్ అంటే తిండి.

క్యాంపు ఇంకా నెలరోజులుందనగా పడ్డాను. రోజీ అనే ఆడగుర్రానికి జీను వేసి, పొట్ట కింద పట్టీ బిగించి, ఒకసారి లాగి చూసి, అంకుల్ వచ్చేలోపే ఎక్కేశాను. మలుపులో జీను పక్కకి జారింది, దాంతోపాటు నేనూ. దెబ్బ చిన్నదే. అయినా "దొంగ గుర్రం! ఇంక నేను రాను" అని ఏడ్చేశాను.

"దొంగ కాదమ్మా. పట్టీ బిగించినప్పుడు పొట్ట ఉబ్బిస్తాది, తర్వాత వదిలీస్తాది. ఊపిరి పీల్చడం తప్పేటి? పదడుగులు నడిపించి మళ్లీ సూడాల. నువ్వు సూడలేదు."

నా మొహం కందిపోయింది. ఆఫీసులో ప్రతిదీ మూడుసార్లు పరీక్షించే మనిషిని. ప్రోగ్రాము ఊపిరి పీల్చదు కాబట్టి, గుర్రమూ పీల్చదనుకున్నాను కాబోలు.

తర్వాతి ఆదివారం పౌరుషం కొద్దీ వెళ్లాను. "ఎక్కొద్దు. జీను వెయ్యి. పదడుగులు నడిపించి బిగించు. ఇప్పీసి మళ్లీ వెయ్యి" అన్నారు అంకుల్.

"ఎన్నిసార్లంకుల్?"

"నీ చెయ్యి నిన్ను అడగడం మానీదాకా."

రెండు ఆదివారాలు అదే పని. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో ఆదివారం ఎక్కనిచ్చారు, అదీ పట్టీ కింద రెండు వేళ్లు దూర్చి చూశాకే. ఏళ్ల తరబడి స్వారీ చేస్తున్నవాళ్లనైనా ఆయన అలా చూడకుండా పంపేవారు కాదు.

క్యాంపు రెండోరోజు పొద్దున, గుడారాల ముందు గుర్రాలన్నీ వరసగా నిలబడ్డాయి. అంకుల్ ఒక్కో పట్టీ చూసుకుంటూ వచ్చి, రోజీ మెడ నిమిరి, నన్ను దాటి వెళ్లిపోయారు. మరిచిపోయారేమో అనుకున్నాను.

"అంకుల్, నాది చూడలేదు మీరు."

ఆయన వెనక్కి తిరగలేదు. "నువ్వు సూసీసావు కదా. మరి నాకెందుకు?"

కళ్లేలు అందుకున్నాను. ఎక్కాను. పార్కు దారి మొత్తం తిరిగొచ్చాను. జీను అంగుళం కదల్లేదు. దిగి, రోజీకి గడ్డి వేశాకే నేను తిన్నాను.

అంకుల్ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. కొత్తగా వచ్చినవాళ్ల పని వాళ్లు విసుక్కునేదాకా చూస్తాను, మళ్లీ చూస్తాను. నెల కిందట, చేరి ఆర్నెల్లయిన ఒకమ్మాయి పని చూడకుండానే ముందుకు పంపించేశాను. కంగారుగా నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"మేడమ్, నాది మీరు చూడలేదు!"

"నువ్వు చూసేశావు కదా" అన్నాను. తల ఎత్తకుండానే అన్నాను, కళ్లు తడయ్యాయని ఆమెకు తెలియకూడదని. ఆ రోజు ఆయన ఎందుకు వెనక్కి తిరగలేదో అప్పుడు తెలిసింది.