మూడు చేతుల పెద్దమ్మ

మా పెద్దమ్మకి మొహమాటం అంటే ఏమిటో తెలీదు. సందు చివర బట్టలు కుట్టే కొట్టు ఆమెది. కొలతలు తీసేటప్పుడు ఎంతటి పెద్దమనిషినైనా సరే, "పొట్ట లోపలికి లాక్కోకండి, రేపు చొక్కాకి ఆ సంగతి తెలీదు" అనేది.

కొట్టు పైగదిలో ఒక చిత్రకారుడు అద్దెకి దిగాడు. బక్కపలచటి మనిషి. కొత్త తరహా బొమ్మలు వేసేవాడు. ఉన్నది ఉన్నట్టు దించడానికి కెమెరా ఉందిగా, మనం ఇంకేదో చెయ్యాలి అని వాదించేవాడు. ఒకరోజు కిందికొచ్చి, "అక్కా, నువ్వు కుడుతుంటే బొమ్మ వేసుకుంటాను" అన్నాడు.

"వేసుకో. కదలొద్దని మాత్రం చెప్పకు, నా పని ఆగిపోతుంది."

గుమ్మం పక్కన బల్ల వేసుకుని నెల పైగా గీశాడు. బొమ్మ పూర్తయ్యాక మమ్మల్నందర్నీ పిలిచాడు. కుట్టుమిషను ఎక్కడ అయిపోయిందో, మనిషి ఎక్కడ మొదలయ్యిందో తెలీడం లేదు. మొహం రెండు పలకలుగా ఉంది, ఒకటి సూది వైపు, ఒకటి వీధి వైపు. చేతులు మూడు. నోరు ఉండాల్సిన చోట వరసగా గుండుసూదులు.

బస్సు డ్రైవరైన మా పెదనాన్న అదిరిపడ్డాడు. "ఇదేంటి బాబూ! మా ఆవిడ నా బస్సు కిందే పడ్డట్టుంది!"

పెద్దమ్మ నవ్వలేదు. దగ్గరికెళ్లి చూసింది, వెనక్కి జరిగి మళ్లీ చూసింది.

"ఫొటోల్లో ఎప్పుడూ నన్ను కొయ్యబొమ్మలా నిలబెట్టారు. నేనెప్పుడైనా అలా నిలబడ్డానా? ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను గుమ్మం మీద. ఒక చెయ్యి గుడ్డ తోస్తుంది, ఒకటి లాగుతుంది, ఇంకోటి చక్రం తిప్పుతుంది. ఇది నేనే."

"మరి నోరేదే?" అన్నాడు పెదనాన్న.

"రోజూ వింటూనే ఉన్నారుగా, చూడ్డం కూడా ఎందుకు?"

ఆ బొమ్మని ఊళ్లో జరిగిన ఒక ప్రదర్శనలో పెట్టారు. చాలామంది ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఒక హోటలు యజమానికి మాత్రం రంగులు నచ్చాయి. మొహం సరిగ్గా వేసి, చేతులు రెండే ఉంచితే కొంటానన్నాడు. చిత్రకారుడు బొమ్మ చంకన పెట్టుకుని కొట్టుకొచ్చాడు.

"అక్కా, కాసేపు ఇటు తిరిగి కూర్చుంటావా? మొహం మార్చాలి."

పెద్దమ్మ మిషను ఆపింది. "అది తప్పని నీకు అనిపించిందా?"

"నాకు కాదు, ఆయనకి."

"అయితే ఆయన్నే కూర్చోబెట్టి గీసుకో. వేసుకున్నవాడికి సరిపోయిన చొక్కా కుట్లని, పక్కవాడికి నచ్చలేదని నేను విప్పదీయను."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "ఇక ఇది అమ్ముడుపోదక్కా."

"పోకపోతే పోయింది. ఇదిగో, ఈ గోడ ఖాళీగానే ఉంది."

అతనే మేకు కొట్టి తగిలించాడు. అప్పట్నుంచీ కొట్టుకొచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి అనేవాళ్లే. "నా జాకెట్టుకి కూడా మూడో చెయ్యి పెట్టేస్తావా ఏంటి?" అందొకావిడ. "గుడ్డ ఎక్కువ తెచ్చుకోండి, పెడతాను" అంది పెద్దమ్మ, టేపు తీస్తూ. ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆ బొమ్మ ముందు కాసేపు నిలబడేది.

చిత్రకారుడు తన దారి మార్చుకోలేదు. రెండేళ్లకి బొమ్మల కాలేజీలో ఉద్యోగం వచ్చింది. కాలేజీ వాళ్లు ఆ బొమ్మని పెద్ద హాల్లో పెడతామని అడిగితే, "తీసుకెళ్లండి, నలుగురూ చూస్తారు" అని పెద్దమ్మే దుమ్ము తుడిచి ఇచ్చింది.

బోసిపోయిన గోడని ఎక్కువగా పట్టించుకున్నది పెదనాన్న. నాలుగు రోజులు ఊరుకుని, ఐదో రోజు కాలేజీకి వెళ్లాడు.

"నన్నూ వెయ్యి బాబూ. ముందు రోడ్డూ, వెనక జనమూ ఒకేసారి కనపడాలి. అద్దాల్లో నాకు అలాగే కనపడుతుంది" అన్నాడు.

ఇప్పుడు సెలవు రోజుల్లో ఇద్దరూ డిపోలో ఆగి ఉన్న బస్సులో కూర్చుంటున్నారు. పెదనాన్న స్టీరింగు పట్టుకుంటాడు, చిత్రకారుడు మొదటి సీట్లో కాగితాలు పరుచుకుంటాడు. బొమ్మ ఇంకా సగంలోనే ఉంది.