కొడవలి పిడి

దంతాలపల్లిలో సమాధుల మీదికి ఇనుప దీపస్తంభాలు చేసే కమ్మరి ఒకాయన ఉండేవాడు. చనిపోయిన మనిషి వాడిన ఇనుమునే తెమ్మనేవాడు. దాన్ని కాల్చి, సాగదీసి, సన్నటి తీగలూ ఆకులూ తీర్చేవాడు. మహబూబాబాద్ దాకా ఆయన పనికి పేరుండేది.

అమ్మ పోయాక ఆమె కొడవలి తీసుకుపోయాను. ఆయన ముందుగా పిడి ఊడదీసి, కండువాతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వు ఉంచుకో బిడ్డా."

"కట్టెతోని ఏం పని బాపు?" అన్నాను.

ఆయన కొలిమి వైపు చూశాడు.

"ఓ తండా ఆమె, సచ్చిపోయిన తన బిడ్డ కొడవలి తెచ్చింది. దీపం మంచిగ చేసిచ్చిన. చూసి, పిడేది అన్నా అని అడిగింది. గా పిడి మీదనే బిడ్డ చేతి గుర్తులు ఉండెనట. నేనప్పటికే కొలిమిల ఏసిన. ఒక్క మాట అనకుంట పోయింది. తిట్టినా బాగుండు."

ఇప్పుడు ఆయనా లేడు. అమ్మ సమాధి దగ్గర దీపం వెలిగించి వచ్చాక, ఇంట్లో ఆ పిడి పట్టుకుంటాను. అమ్మ బొటనవేలు అరగదీసిన గుంటలో నా వేలు సరిగ్గా కుదురుతుంది.

ఆ తండా తల్లి వేలికి అలాంటి చోటు మిగల్లేదు.