స్టాంపు లేనివాడి దీవి ప్రయాణం

ఆ రోజుల్లో నాకు భయపడటానికి ప్రత్యేకంగా కారణమంటూ అక్కర్లేదు. మేనేజరు ‘ఒక్క నిమిషం మాట్లాడొచ్చా’ అని మెసేజ్ పెడితే చాలు, మనసులోనే సామాను సర్దేసుకునేవాణ్ణి. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే అది ఆగిపోయేదాకా ఊపిరి బిగబట్టి దానివంకే చూసేవాణ్ణి. (ఒకసారి అలా చూస్తూ కూర్చున్నది పిజ్జా తెచ్చినవాడి ఫోను. పాపం, మంచులో నిలబడి ఆరుసార్లు చేశాడు.) ఇలాంటి ధీరుడికి పెళ్ళయి, మా ఆవిడ బందరు నుంచి తిన్నగా మిషిగన్ జనవరిలోకి, నోవైలో మా అపార్టుమెంటులోకి వచ్చిపడింది.

ఐదు వారాలు కిటికీలోంచి మంచు చూసింది. ఆరో వారం ఒక శనివారం పొద్దున్న, నీలంగా మెరిసిపోతున్న దీవి ఫొటో ఒకటి ఫోనులో నా మొహం ముందు పెట్టి, “ఏమండీ, కరీబియన్ అంట. ఏప్రిల్‌లో వెళ్దామా? సముద్రం చూసి ఎన్నాళ్ళయిందో” అంది. కొత్త పెళ్ళికొడుకుని కదా, “ఓ, దానికేం, బుక్ చేసేద్దాం” అనేశాను. గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చింది, నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటి నెల రోజులైందని. అమెరికాలో ఉండి ఉద్యోగం చేసుకోవడానికి నా కాగితాలు సరిగానే ఉన్నాయి. ఒకసారి గడప దాటితే మళ్ళీ లోపలికి రావడానికి కావలసింది మాత్రం ఆ స్టాంపు. మా ఆవిడది కొత్తది. అంటే దీవి నుంచి తను హాయిగా తిరిగొస్తుంది, నేను అక్కడే కొబ్బరిబొండాలు కొట్టుకుంటూ ఉండిపోవాలి.

ఆఫీసులో ‘లాయరు’ అని మేం పిలుచుకునే వరంగల్ మిత్రుణ్ణి అడిగాను. (లా చదవలేదు. తన వీసా కష్టాల్లోనే అంత చదివాడు.) “బయటికైతే పోతవ్ అన్నా. లోపలికి రావు. స్టాంపింగ్‌కి ఇండియా పోవాలె, అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతదో దేవునికెరుక” అని, ఓదార్పుగా నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఈ ముక్క ఇంట్లో చెప్పేస్తే పోయేది. కానీ పెళ్ళిచూపుల్లో మామగారితో “నా వీసా అంతా పర్ఫెక్ట్ అండీ” అని ఒకటికి రెండుసార్లు చెప్పి ఉన్నాను. అందుకని ఆవిడే వద్దనుకునేలా భయపెడదామనుకున్నాను. తుఫానులొస్తాయన్నాను. “బందరుదాన్ని నేను. నాకు మీరు తుఫాను గురించి చెప్తారా? అయినా అక్కడ జూన్ దాకా రావట” అంది. సొరచేపలన్నాను. “వండుకుంటే బాలింతలకి మంచిది” అంది. చివరికి దోమలన్నాను. ఆవిడ నాకేసి జాలిగా చూసింది.

దారి తోచక, ట్రాయ్‌లో మేం వెళ్ళే తెలుగు చర్చిలో ఒక ఆంటీని పక్కకి పిలిచి సంగతంతా చెప్పుకున్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని విన్నదావిడ. “మా ఆవిడకి తెలీదు ఆంటీ, దయచేసి ఎవరికీ చెప్పకండి” అన్నాను. “మాటిస్తున్నా బాబూ. ప్రభువుకి తప్ప ఎవరికీ చెప్పను” అంది.

ఆంటీ మాట తప్పలేదు. ఆ ఆదివారమే పాస్టరుగారు ఆవిణ్ణి ప్రార్థన చేయమని మైకు అందించారు. అందరం కళ్ళు మూసుకున్నాం. “ప్రభువా, మా మధ్యనున్న ఈ బిడ్డ దీవికి వెళ్ళబోతున్నాడు తండ్రీ! స్టాంపు లేదు నాయనా! భార్యకి చెప్పుకోలేక నలిగిపోతున్నాడు! వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే వెనక్కి రప్పించు దేవా!” ఆమెన్ అని హాలంతా మోగింది. నేను ఒక కన్ను తెరిచాను. మా ఆవిడ అప్పటికే రెండూ తెరిచి నన్నే చూస్తోంది.

కారెక్కాక తిడుతుందనుకున్నాను. తిరిగి చూస్తే ఏడుస్తోంది.

“బాల్కనీలోకెళ్ళి గుసగుసగా ఫోన్లు మాట్లాడతారు. నేనొస్తే పెట్టేస్తారు. అన్నం సరిగ్గా తినరు. ఉద్యోగం పోయిందేమో అనుకున్నానండీ. లేకపోతే నేను వచ్చినందుకు బాధపడుతున్నారేమో అని... మూడు వారాల్నుంచి నాకు నిద్రలేదు.”

నేను కారు ఒక పార్కింగ్ లాట్‌లో ఆపాను. ప్రపంచంలోని భయమంతా నాకొక్కడికే కేటాయించారనుకున్నాను అన్నాళ్ళూ. పక్క సీటులో అంతకంటే పెద్దది, కోటు గుండీలు పెట్టుకుని కూర్చుంది. “స్టాంపే. ఒట్టు, స్టాంపు తప్ప ఇంకేం లేదు” అన్నాను. ముక్కు తుడుచుకుని ఫోను తీసి, అక్కడే కూర్చుని ఓ పావుగంట వెతికింది. “ప్యూర్టో రికో అమెరికాదేనటగా. స్టాంపు అక్కర్లేదట. అదీ కరీబియనే. ఇంతోటిదానికి సొరచేపల దాకా వెళ్ళారా?”

వెళ్ళాం. అమెరికాదేనని వెయ్యిసార్లు చదువుకున్నా, పదో తరగతి మార్కుల జాబితాతో సహా ఉన్న కాగితాలన్నీ ఒక సంచీలో వేసుకుని మరీ వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో ఒక ఆఫీసరమ్మ మా సామాను మెషీన్లో చూసి, “సర్, ఇలా రండి” అంది. కాగితాల బొత్తి మొత్తం బల్ల మీద పోసేశాను. ఆవిడ దాన్ని మోచేత్తో పక్కకి జరిపి, మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి రెండు మామిడిపళ్ళు బయటికి తీసింది. దీవి దాటి పళ్ళు తీసుకెళ్ళకూడదట. “అంతేనా?” అన్నాను. “ఇంకా ఉన్నాయా?” అందావిడ అనుమానంగా.

ఇప్పుడు మాకు ఏ దీవికైనా వెళ్ళొచ్చే కాగితాలున్నాయి. మొన్న ఆ ప్రయాణం ఫొటోలు మా అమ్మాయికి చూపిస్తున్నాను. ప్రతి దాంట్లోనూ మా ఆవిడ నీళ్ళకేసి చూస్తూ నవ్వుతోంది. నేను మాత్రం అన్నిట్లోనూ సముద్రానికి వీపు పెట్టి, ఎవరైనా వస్తున్నారేమోనని రోడ్డుకేసి చూస్తున్నాను. “వాట్ ఆర్ యూ లుకింగ్ ఎట్, నాన్నా?” అనడిగింది అమ్మాయి. ఫొటోలోని ఆ కుర్రాడి భుజాలు పట్టుకుని ఒక్కసారి వెనక్కి తిప్పాలనిపించింది, నీలంగా అంత సముద్రం ఉందిరా అక్కడ అని.